మూగ గంట

ముప్పై నాలుగేళ్లు టికెట్లకు చిల్లులు పెట్టాను.
ఉత్తరాన, హొక్కాయిడోలో, ఒంటి పట్టాల లైను మీద
చిన్న స్టేషన్. మంచు, నేను, గోడ గడియారం.
లైను మూసేశారు.
చిల్లుల పని మాత్రం నన్ను వదల్లేదు.
ఇప్పుడు తోలుకి.

నేర్పేది కొహారు. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల.
వాళ్ల నాన్న వేటాడి తెచ్చిన జింక చర్మాలు
బెరడు నీళ్లలో ఊని, గరాజు దూలానికి
దుప్పట్లలా ఆరేస్తుంది.
మొదటిరోజు ఓ ముక్క నా చేతిలో పెట్టి
"ముందు వంచి చూడండి. ఎటు సాగుతుందో అదే చెబుతుంది" అంది.
నేను వినకుండా తిన్నగా కోసేశాను.
పొట్ట వైపు తోలట. సాయంత్రానికి నా పట్టీ
వానపాములా మెలికలు తిరిగింది.

ఆరె పట్టుకోవడం వారం దాకా రాలేదు.
టికెట్టయితే ఒక్క నొక్కు. టక్కుమనేది,
మనిషి బండెక్కి వెళ్లిపోయేవాడు.
తోలు ఎక్కడికీ వెళ్లదు.
చిల్లు వంకరపోతే వంకరగానే ఎదురుగా కూచుంటుంది.
గీత గీశాను, గుర్తులు పెట్టాను,
చిల్లుకీ చిల్లుకీ నాలుగు మిల్లీమీటర్లు,
అయినా ఏడోది పక్కకి జరిగింది.
ఎడమ బొటనవేలి విషయంలో మాత్రం గురి తప్పలేదు.

ఒక దారం. రెండు కొసలకీ రెండు సూదులు.
ఒకే చిల్లులోంచి ఇది అటు, అది ఇటు.
రెండో సూది మొదటి దారాన్ని పొడిచిందా,
ముందుకీ పోదు, వెనక్కీ రాదు.
కొహారు మూడుసార్లు చెప్పింది, బుర్రకెక్కలేదు.
నాలుగోసారి నాకు నేనే చెప్పుకున్నాను:
ఇసావో, ఇది ఒంటి పట్టాల లైను.
ఎదురుబండి వస్తే ఒకటి లూప్‌లైన్లో ఆగాలి.
మొదటి దారాన్ని పక్కకి లాగి నిలబెట్టు,
రెండో సూదికి పచ్చజెండా ఊపు.
ఆ రాత్రి పదకొండు కుట్లు పడ్డాయి.
ఒక్క ప్రమాదమూ లేదు.

అది ఎలుగు గంటకి తొడుగు.
కొండల్లోకి ఆకుకూరలకి వెళ్లేవాళ్లం
నడుముకి గంట కట్టుకుంటాం ఇక్కడ,
మనిషి వస్తున్నాడని ఎలుగుకి ముందే తెలియాలి కదా.
బస్సులో మోగితే బాగోదు. అందుకని తొడుగు.
తోలు తడిపి గంట మీద బిగించి రాత్రంతా ఆరబెట్టాను.
తెల్లారి చూస్తే గంట ఆకారం అచ్చు దిగింది,
దాని అంచున ఉన్న సన్నగీతతో సహా.
ఇంత బాగా కుదిరిన పని నా జన్మలో లేదు.

మే నెల. నీడల్లో ఇంకా మంచు.
బస్సు దిగి తొడుగు తీయబోతే రాలేదు.
గోళ్లతో లాగాను, పళ్లతో లాగాను.
ఊపితే లోపల్నించి ముసలి దగ్గు.
మడతకత్తి తీశాను.
వంకరపోయిన ఆ ఏడో కుట్టు కనబడింది.
కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరి ఎలుగు?
వెదురుగడ్డి భుజాల దాకా ఉంది.
గొంతు సవరించుకున్నాను. ఏమని అరవాలి?
నోటికి వచ్చింది అదొక్కటే:
"బండి వస్తోంది!
దయచేసి పసుపు గీత వెనక నిలబడండి!"
తర్వాత స్టేషన్ల పేర్లు, వరసగా:
ఒసారునై... పెంకెశిరి... తోయోమినె...
ఎనిమిదేళ్లుగా ఎవరూ కేకెయ్యని పేర్లు.
కొండ ఒక్కొక్కటే తిరిగి అప్పజెప్పింది.

నాలుగో పేరు దగ్గర గడ్డి కదిలింది.
ఆడజింక.
నన్ను చూసిందో, నా నడుము మీది తోలునే చూసిందో.
నేను టోపీ తీశాను.
అది తొందరపడకుండా పట్టాలు దాటినట్టు దాటి వెళ్లింది.

కొహారు కడుపు పట్టుకుని నవ్వింది.
కోసి గంట తీసిస్తానంది. వద్దన్నాను.
కొత్త గంట కొన్నాను, రెండో తొడుగు కుడుతున్నాను,
ఈసారి చిటికెనవేలు దూరేంత వదులు.
మొదటిది తలుపు వెనక మేకుకి ఉంది.
తలుపు వేసినప్పుడల్లా దగ్గుతుంది.